ఆఖరి చరణంలో ఊరి పేరు

మధ్యాహ్నం రెండింటికి బొగ్గు గనిలో పేల్చే పేలుడుకు మా పునరావాస కాలనీ ఇంట్లో స్టీలు గ్లాసులు గలగలలాడతాయి. ఆ మోత అణగకముందే నా నోట తుర్కీ దేశపు పాట ఒకటి లేస్తుంది. సత్తుపల్లి పక్కన బతికే నేనెక్కడ, ఆ తుర్కీ ఎక్కడ! అంతా యోహాను మాస్టారి చలవ.

మాస్టారు గల్ఫులో పన్నెండేళ్ళు వెల్డరుగా చేసి, మా ఊరు ఇప్పలగుంపుకు తిరిగొచ్చి చర్చి పాటల బృందాన్ని చేతిలోకి తీసుకున్నారు. గల్ఫులో ఆయన గదిలో ఉన్న తుర్కీ తాపీమేస్త్రి ఊరు డ్యాము నీళ్ళలో మునిగిందట. ఆ మేస్త్రి దగ్గర నేర్చిన జానపదాలను హార్మోనియం మీద వాయిస్తూ, మా మాటల్లో కట్టి పాడించేవారు. ఊరు విడిచిన బెంగా, వెళ్ళగొట్టినవాడి మీద కోపమూ ఒకే గొంతులో పలకాలనేవారు. సంఘపెద్ద ఒకాయనకు ఒళ్ళు మండింది.

“చర్చిల గీ తుర్కీ పాటలేంది సారూ?”

“బైబిల్ల ఊరిడిసి చెరలకు పోయినోళ్ళు ఏడ్వలేదా? గిది గూడ గసొంటి ఏడుపే. జర పౌరుషం ఎక్కువున్నది, గంతే” అన్నారు మాస్టారు.

ఆ పాటల్లో ఒక ఆనవాయితీ ఉంది. పాట కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరు చెప్పుకుంటాడు. మాస్టారు ఆ చోట మా ఊరి పేరు పెట్టారు.

గని కోసం ఊరు తీసుకుంటామని అధికారులు వచ్చినప్పుడు షామియానా వేసి సభ పెట్టారు. వాళ్ళ కాగితాల్లో మా ఊరికి పేరు లేదు, బ్లాకు నంబరుంది. మా అమ్మ సమాధి కూడా ఆ నంబరులోనే. మాస్టారు నన్ను పాడమని ముందుకు తోశారు. అధికారి వాచీ చూసుకుంటూ “జల్దీ కానియ్యమ్మా” అనేసరికి, బెదిరిపోయి ఆఖరి చరణం ఎగ్గొట్టి కూర్చున్నాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

మాస్టారు లేచారు. “పేరు మింగినవ్ బిడ్డా. లే, పాడు.”

టైమ్ అయిపోయిందంటూ అధికారి మైకు ఆపించారు.

“మైకు మీది సారూ. గొంతు మాది” అన్నారు మాస్టారు.

మైకు లేకుండానే పాడాను. ‘ఇప్పలగుంపు నా పేరు, ఎల్లగొట్టినా గదే పేరు’ అన్న చోట సభంతా గొంతు కలిపింది. మాస్టారు వెళ్ళి, సభలో మాటలు రాసుకుంటున్న గుమాస్తా బల్ల ముందు నిలబడ్డారు. “ఊరి పేరు రాసుకో సారూ” అని, అతను రాసేదాకా కదల్లేదు.

ఊరు దక్కలేదు. అబద్ధమెందుకు చెప్పాలి? చర్చి, ఇప్పచెట్లు, అమ్మ సమాధి, అన్నీ ఇప్పుడా గుంతలో కలిసిపోయాయి. కాలనీకి వచ్చిన రెండో ఏట మాస్టారూ పోయారు. ఆయన ఓడిపోయారని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న రేషన్ కార్డు మార్పులకని ఆఫీసుకెళ్ళి, ఫారంలో సొంత ఊరు అన్నచోట ఇప్పలగుంపు అని రాశాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి వెతికి వెతికి, “గా పేరుతోని ఊరే లేదక్కా” అంది.

“ఉన్నది. రాసుకో” అన్నాను.

ఆమె రాసేదాకా బల్ల ముందు నుంచి కదల్లేదు.