పెదనాన్న విలన్ల వరస

మా పెదనాన్న పదకొండు మంది విలన్లకు గొంతిచ్చాడు. అన్నీ ఒకే గూఢచారి సినిమాలు, ముప్పయ్యేళ్లుగా వస్తూనే ఉన్నాయి. గూఢచారి వేషం వేసే నటుడు మారాడు. అతనికి మన భాషలో మాట చెప్పేవాళ్లూ మారారు. చచ్చేవాడి గొంతు మాత్రం మారలేదు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. చేతిరాత బాగుంటుందని పెదనాన్న నన్ను డబ్బింగు స్టూడియోకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆయనకు చత్వారం. డైలాగులన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో తిరగరాసి, ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా ఎర్రచుక్క పెట్టడం నా పని. మైకు ముందు చప్పుడు కాకుండా కాగితాలు తిప్పడం కూడా. అక్కడ నేను మాట్లాడకూడదు. నలుగురిలో నోరు విప్పడం నాకు భయం, అందుకే ఆ పని నచ్చింది.

ఒక్కో సినిమా అయ్యాక ఇంటికొచ్చి, పాత డైరీ చివరి పేజీలో విలన్ల వరస దిద్దించేవాడు. జనం లెక్క వేరు, ఆయన లెక్క వేరు. ముసుగు వేసుకున్నవాడిది ఎప్పుడూ మొదటి స్థానమే.

"పెదాలు కనపడవు తల్లీ. ఎక్కడ మొదలెట్టినా అడిగేవాడు లేడు. దేవుడిలాంటి మనిషి."

కుర్చీ అటు తిప్పుకుని మాట్లాడేవాడిది రెండు. నోట్లో చుట్ట పెట్టుకుని నవ్వేవాడిది పది. అందరికంటే అడుగున నాలుగో సినిమావాడు. మంచుకొండ మీద నుంచి పడుతూ వాడు పెట్టిన కేకకి పెదనాన్న గొంతు నెల రోజులు పలకలేదు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేవాడట.

"నేను కాస్త సుఖపడ్డది ఆ నెలే" అంటుంది పెద్దమ్మ.

విలన్ చావందే వరసలో చోటు లేదు. కొత్తవాడు ఎన్నోవాడని ముందే అడిగితే, "చావనీ, చెప్తా" అనేవాడు.

పన్నెండోవాడు ఈ ఏడాది వచ్చాడు. ఆగకుండా ఉపన్యాసాలిచ్చే రకం. మొదటి రోజు కాగితానికి ఏడు చుక్కలు పెట్టాను. మూడో రోజుకి పదమూడయ్యాయి. నాలుగో రోజు కాగితానికి తట్టు పోసినట్టుంది. పెదనాన్న చూశాడు. డైరెక్టరూ చూశాడు.

"పెద్దాయనా, రేపు చావు సీను. మీరు చెప్పగలిగితే సరే. లేదంటే వచ్చే సినిమాకి వేరే గొంతు చూసుకోమంటున్నారు కంపెనీవాళ్లు."

"చచ్చేది కొత్తేంటి నాకు" అన్నాడు పెదనాన్న.

మర్నాడు తెర మీద విలన్ ఆనకట్ట మీద నుంచి పడ్డాడు. కేక ఆరు సెకన్లు. పెదనాన్న మూడు సెకన్లకే ఆగిపోయాడు. రెండోసారి దగ్గొచ్చింది. నాలుగోసారి గొంతు బదులు గాలి వచ్చింది. కాగితం నా చేతిలోనే ఉంది. కేక మధ్యలో చుక్క పెట్టడానికి చోటుండదు.

సౌండు ఇంజనీరు అద్దం అవతల నుంచి మెల్లగా అన్నాడు. "నాలుగో సినిమా కేక నా దగ్గరుంది. అదే అతికించనా?"

డైరెక్టరు తలూపాడు. పాత కేక గదంతా నిండింది. పెదనాన్న తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"గట్టిగానే అరిచాడు" అన్నాడు.

"సరిగ్గా సరిపోయింది. మీరిక ఇంటికెళ్లి పడుకోండి, పెద్దాయనా."

వచ్చే సినిమా మాట ఎవరూ ఎత్తలేదు. ఏళ్లుగా ఆ గది మేకుకే వేలాడే మఫ్లరు తీసి, పెదనాన్న మెడకు చుట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక డైరీ తెరిచి అడిగాను. "పన్నెండోవాణ్ణి ఎక్కడ రాయను?"

"వాడెక్కడ చచ్చాడు? చచ్చింది నాలుగోవాడేగా. పాపం, రెండుసార్లు." పేజీ పైన వేలు పెట్టాడు. "వాణ్ణి పైకి తీసుకురా."

"ముసుగువాడేం చేశాడు మధ్యలో?" అంది పెద్దమ్మ.

"కాస్త జరగమను."

అడుగున ఉన్న పేరు కొట్టేసి, పేజీ పైన మిగిలిన జాగాలో ఇరికించాను. చిన్న అక్షరాలే పట్టాయి, ఆయనకు ఆనవు. చదవమన్నాడు. పైనుంచి కిందిదాకా చదివి వినిపించాను, ఊపిరికి ఆగుతూ.