నల్లోడికి తవ్విన గుంత

మొన్న మా గిరిజన కాలనీకి నెల్లూరు నుంచి పశువుల డాక్టర్లు వచ్చి, కుక్కలకు ఉచితంగా వైద్యం చేసినారు. ఆ స్పిరిట్ వాసనకు నాకు చిన్నప్పటి నల్లోడు గుర్తొచ్చినాడు.

నల్లోడు మా కుక్క. పొలం గట్ల మీద ఎలుక ఏ బొక్కలో ఉందో వాసన పట్టేవాడు. వాడు చూపిస్తే నాయన తవ్వేవాడు, మాకు కూర ఉడికేది. ఒకసారి అడివిపంది వాడి తొడ చీల్చింది. ఇంక వేటకు పనికిరాడని అమ్మ దిగులుపడింది.

ఆదివారం ఉప్పుటేరు దాటి పడవలో ఒక డాక్టరు వచ్చినాడు. సూది వేయగానే నల్లోడు నాలుక వేలాడేసి పడిపోయినాడు. మా నాయన వేటకుక్కలను మనిషికి మాదిరే పూడ్చేవాడు. అందుకని నేను టెంకాయ చిప్పతో ఇసకలో గుంత తవ్వుతా కూర్చున్నాను.

"ఎవరికి పాపా ఆ గుంత?" అన్నాడు డాక్టరు, కుట్లు వేస్తానే.

"నల్లోడికి. నువ్వు చంపినావు గదా."

ఆయన నవ్వలేదు. "నిద్రపోతున్నాడు. లేచేదాకా నేను పోను."

తన కొత్త తువ్వాలు చించి కట్టు కట్టినాడు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు కరిగిపోతాది. పడవ వాళ్లు కేకలేసినా కదలకుండా, వాడి తల ఒళ్లో పెట్టుకుని ఈగలు తోలినాడు. పొద్దు వాలే వేళకు నల్లోడు తోక కదిలించినాడు. కోతలప్పటికి గట్ల మీద మళ్లీ మా ముందు నడిచినాడు.

మొన్న మత్తులో ఉన్న కుక్కపిల్లను చూసి మా మనవరాలు ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవబాక. లేస్తాది. ఈగలు తోలు," అన్నాను.

పెట్టెలో దాచుకున్న కొత్త తువ్వాలు తెచ్చి, కుక్కపిల్ల తల కింద పెట్టినాను.