నీళ్ల ట్యాంకు కాడ నిలబడిన మనిషి

పాత బస్టాండు వెనక సందులో జ్ఞానేశ్వర్ నెట్ సెంటరుకు వేరే బోర్డంటూ లేదు. వాళ్ల నాయన కాలం నాటి కిరాణా అంగడి బోర్డే పైన వేలాడుతుండేది. అందుకని ఎవరో ఒక ముసలామె సంచి పట్టుకొని లోపలికొచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చున్నవాళ్లను ఎగాదిగా చూసి, కందిబ్యాళ్లు యాడ పెట్టినారప్పా అని అడగడం మామూలే. జ్ఞానేశ్వర్ విసుక్కునేవాడు కాదు. లేచి ఆమెను ఎదురంగడిదాకా తోడుకొని పోయి దిగబెట్టి వచ్చేవాడు.

నలభై ఏళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు, ఇంటర్ గట్టెక్కలేదు. కంప్యూటర్ పని ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. చెడిపోయినవాటిని విప్పుతూ, బిగిస్తూ, చివరికి చేతిలో మిగిలిపోయిన మరలను చూసి బెదిరిపోతూ నేర్చుకున్నది. శెట్టి కొడుకు బియ్యం మూటలు వదిలి తీగలు పట్టుకున్నాడని బంధువులు నవ్వారు. నవ్వనీ అని ఊరుకున్నాడు.

రెండువేల ఏడులో సుధీర్ ఒక ఆట డబ్బా పట్టుకొచ్చాడు. సుధీర్ మెడికల్ రెప్పు. ముప్పై ఏళ్లుంటాయి, మెడలో టై, చేతిలో మందుల సంచి. డాక్టర్లు పిలిచేదాకా పొద్దుపోవడానికి నెట్ సెంటరుకు వచ్చేవాడు. అతను తెచ్చిన ఆటలో లోకమంతా కాలిపోయి ఉంటుంది. మిగిలిన నలుగురూ ఆ బూడిదలో ఎట్లా బతుకుతారన్నదే ఆట. ఏయే దేశాల వాళ్లో ఇంటర్నెట్‌లో ఒకే నేల మీద కలిసి తిరుగుతుంటారు, ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మమనిషి. దాని ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. కర్నూల్లో అది బూడిదాట అయింది.

రెండు నెలలు తిరిగేసరికి సెంటరు రెండు జట్లుగా చీలిపోయింది. ఇది ఆట కాదు, అవకతవక అన్నది సుధీర్ జట్టు. తలుపులు తెరుచుకోవు. కుక్కలు సగం భూమిలో కూరుకుపోయి మొరుగుతుంటాయి. నీళ్లు తాగకపోతే చస్తారని డబ్బా మీద రాసినారు గానీ ఆటలో ఎవరికీ దాహమే కాదు. సుధీర్ ఇవన్నీ కంపెనీ వాళ్ల సైటులో ఇంగ్లీషులో బారెడు బారెడు రాసేవాడు. ఎక్కడెక్కడి వాళ్లో అవునవునని కింద రాస్తే, దాన్ని అచ్చు తీసి అందరికీ చూపించేవాడు.

రెండో జట్టుకు పెద్ద శివప్రసాద్. బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. ఆదివారం మొదటి బస్సుకు వచ్చి రెండో నంబరు కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఎంత తలంటుకున్నా చెవుల మడతల్లో తెల్లటి రాతిపిండి ఉండేది. ఈ ఆటలో ఏం బాగుందని సుధీర్ నిలదీస్తే, నేల బాగుందనేవాడు. ఫ్యాక్టరీ వెనక రాతి బురద ఎండిపోయిన బయలు అచ్చం ఇట్లాగే ఉంటుందట, కాలు పెడితే ఇట్లాగే పొగలాగా లేస్తుందట.

అతను చేసే పని మరీ విచిత్రం. అందరూ తుపాకులు వెతుక్కుంటుంటే శివప్రసాద్ బొమ్మమనిషి డబ్బాలతో నీళ్లు మోసి, పాడుబడిన ఒక ట్యాంకు నింపేవాడు. ఆ నీళ్లతో పనే లేదని అందరికీ తెలుసు. సుధీర్ పడీ పడీ నవ్వేవాడు.

"నీళ్లు కనపడినంక పట్టి పెట్టుకోవాల గదప్పా" అని మాత్రం అనేవాడు శివప్రసాద్.

ఆ ఆటలో అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. ఆట నుంచి పద్ధతిగా బయటికి రాకుండా ఉన్నట్టుండి లైను తెగితే, ఆ బొమ్మమనిషి ఎక్కడున్నవాడు అక్కడే నిలబడిపోతాడు. ఆడే మనిషి మళ్లీ వచ్చి ఆట తెరిచేదాకా అంతే. మిగతా దేశాల్లో ఇది ఎప్పుడో గానీ జరిగేది కాదు. కర్నూల్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. జ్ఞానేశ్వర్ దగ్గరున్న యూపీఎస్‌ల బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. కొత్తవి వేయిస్తానని వాయిదా వేస్తూ వచ్చాడు. బూడిదాటలో ఎక్కడ నిలబడిపోయిన మనిషి కనపడినా, మన కర్నూలోడే అయ్యుంటాడని సుధీర్ ఎగతాళి చేసేవాడు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ఒక ఆదివారం అట్లాగే కరెంటు పోయింది. శివప్రసాద్ బొమ్మమనిషి ట్యాంకు పక్కన డబ్బా దించి నిలబడి ఉన్నాడు. ఎంతసేపు చూసినా కరెంటు రాలేదు. బస్సుకు వేళయిందని శివప్రసాద్ లేచాడు. వచ్చే ఆదివారం చూసుకుంటాలే, అంతవరకూ కావలి ఉండనీ అని నవ్వుతూ పోయాడు.

బుధవారం నాడు లారీలోకి ఎత్తిన నాపబండలు జారి అతని మీద పడ్డాయి. తక్కినవాళ్లు టీ తాగడానికి పోయి ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చేసరికే అయిపోయింది.

నెల దాటాక ఒక ఆదివారం అతని భార్య అమూల్య వచ్చింది. గడప బయటే నిలబడి, మా ఆయన ఆదివారాలు వచ్చేది ఈడికేనా అన్నా అని అడిగింది. జ్ఞానేశ్వర్ ఆమెను లోపలికి పిలిచాడు. రెండో నంబరు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. తన బొమ్మమనిషిని బూడిదలో నడిపించుకుంటూ ట్యాంకు దగ్గరికి తీసుకుపోయాడు.

ఆయన ఉన్నాడు. భుజం మీద గుడ్డ గాలికి కదులుతోంది. నిమిషానికో మాటు కుడిచెయ్యి ఎత్తి, ఎండకు కళ్ల మీద అడ్డం పెట్టుకొని, దూరంగా దారి వైపు చూసి, మళ్లీ చెయ్యి దించుకుంటాడు. ఊరికే నిలబడిన బొమ్మ ఏదైనా ఆ ఆటలో చేసేది అంతే. అమూల్యకు ఆ సంగతి జ్ఞానేశ్వర్ చెప్పలేదు.

అప్పటినుంచి ఆమె ప్రతి ఆదివారమూ వచ్చేది. ఆయన చెయ్యి ఎత్తినప్పుడల్లా కాస్త ముందుకు వంగేది. అంత దూరం ఎందుకు తిరగాలని జ్ఞానేశ్వర్ ఒకసారి ఆ బొమ్మను కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాడు. ఆమె చూసి, దీంట్లో గుడ్డ కదల్లేదన్నా అని, అయినా మడిచి పెట్టుకుంది. శివప్రసాద్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఉన్నది ఆ నిలుచున్న మనిషి ఒక్కడే.

దసరా ముందర కంపెనీ వాళ్లు సైటులో ప్రకటన పెట్టారు. నిలబడిపోయిన బొమ్మలన్నిటినీ తీసేద్దామా వద్దా, ఆడేవాళ్లు ఓటు వేయాలి. ఎవరి అభిప్రాయం వాళ్లు రాయాలి. జ్ఞానేశ్వర్ రెండు దినాలు అన్నం సరిగా తినలేదు. డిక్షనరీ ముందు పెట్టుకొని, వద్దు, ఒక ఇంటి మనిషి అక్కడ ఉన్నాడు అని నాలుగు ముక్కలు రాశాడు. కింద ఎవరో నవ్వుతున్న బొమ్మ పెట్టి పోయారు. తీసేయమని అందరికంటే గట్టిగా రాస్తున్నది సుధీరే. అందరూ చదివేదీ అతను రాసిందే. జ్ఞానేశ్వర్ అతన్ని పక్కకు పిలిచి, ఆదివారాలు వచ్చే ఆమె ఎవరో చెప్పాడు.

సుధీర్ చాలాసేపు టై కొస నలుపుతూ ఉండిపోయాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "అన్నా, ఈ బొమ్మల వల్లే ఆట నత్తలాగా పోతాండాది. జనం విడిచిపెట్టి పోతాండారు. ఇట్లే ఉంటే ఆటే మూసేస్తారు. అప్పుడు ఆయప్ప యాడ నిలబడతాడు?"

అయినా ఆ సాయంత్రం సుధీర్ ఇంకొకటి రాశాడు, ఎగతాళి లేకుండా. అన్నీ తీసేయండి, ట్యాంకు దగ్గరి మనిషిని ఒక్కడిని వదిలేయండి, కారణం ఇది అని. కొందరు మంచిమాట అన్నారు. కొందరు కట్టుకథ అన్నారు. ఒకరికి మినహాయింపు ఇస్తే అందరూ అడుగుతారన్నారు ఇంకొందరు. కంపెనీ ఏమీ అనలేదు. ఓట్లలో తీసేయమన్నవాళ్లే గెలిచారు. గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు అని తేదీ పెట్టారు.

గురువారం పన్నెండయ్యే వేళకు జ్ఞానేశ్వర్ చూడలేక, పక్కనున్న పిండి గిర్నీలోకి పోయి నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి సుధీర్ ఇంకా రెండో నంబరు ముందే కూర్చొని ఉన్నాడు, మందుల సంచి ఒళ్లో పెట్టుకొని. తెరమీద ట్యాంకు ఒక్కటే ఉంది.

ఆదివారం అమూల్య వచ్చే బస్సు వేళకు జ్ఞానేశ్వర్ స్టూలెక్కి ఫ్యూజు పీకేశాడు. కరెంటు లేదమ్మా అన్నాడు. ఆమె గంటసేపు చీకట్లో కూర్చొని, కొంగుతో విసురుకొని, వెళ్లిపోయింది. ఆ తరవాతి ఆదివారమూ ఫ్యూజు పీకేశాడు. ఆ రోజు సుధీర్ కూడా ఉన్నాడు, గోడవార కుర్చీలో. ముగ్గురూ ఉక్కలో కూర్చున్నారు. పక్కన గిర్నీ గరగరమని తిరుగుతూనే ఉంది. జ్ఞానేశ్వర్‌కు ఆ చప్పుడు అప్పుడు గానీ చెవిన పడలేదు.

అమూల్య తలెత్తకుండానే అంది. "గిర్నీ ఆడుతాండాది గదన్నా."

జ్ఞానేశ్వర్ చేతిలో ఫ్యూజు ఇంకా అట్లాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఎప్పుడు పోయినాడు?"

"మొన్న కాదు, అవతలి గురువారం" అన్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. "పోయేటప్పుడు ఎవరన్నా ఉండిరా దగ్గర?" అని అడిగింది.

జ్ఞానేశ్వర్ తల దించుకున్నాడు. గోడవార నుంచి సుధీర్ అన్నాడు. "నేనుంటి వదినా. పదకొండింటి నుంచి ఈడనే కూచోనుంటి."

"చెయ్యి ఎత్తినాడా?"

"ఎత్తినాడు. దావ పక్క చూసినాడు. మళ్లా దించుకోలేదు."

అమూల్య తల ఊపింది. గిర్నీ ఆగి, మళ్లీ మొదలైంది. ఆమె కొంగుతో మెడ తుడుచుకొని, జ్ఞానేశ్వర్ వైపు చూసి, "ఫ్యూజు పెట్టేయన్నా, ఉడకపోస్తాండాది" అంది.

అతను స్టూలెక్కి పెట్టాడు. ఫ్యాన్లు తిరిగాయి. ఎనిమిది తెరలూ ఒకదాని వెనక ఒకటి వెలిగాయి. ఆమె వాటి వైపు తిరగలేదు. బస్సు వేళ అయ్యేదాకా ఫ్యాను కింద, సందు వైపు చూస్తూ కూర్చుంది.