నీళ్ల మీద నీలిచుక్క

2023, చలికాలం. తడ నుంచి పులికాట్ సరస్సుకు పోయే దారిలో నాకో చిన్న మొబైల్ సర్వీస్ షాపు ఉంది. ఇల్లు షాపు వెనకే. పొద్దున్నే తలుపు తీస్తే ముందు మంచు కనిపిస్తుంది, తర్వాత నీళ్లు, ఎప్పటికో పడవలు. ఆ రోజుల్లో నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత ఉండదు. గెడ వేసేవాడు మబ్బులో గుచ్చి పడవ నడుపుతున్నట్టే ఉంటుంది. నేను మనుబోలు పక్క వరిపొలాల్లో పెరిగినదాన్ని. పెళ్లయి వచ్చి ఇన్నేళ్లయినా దాన్ని చూస్తూ పాలు పొంగబెడుతూనే ఉంటాను.

ఈ ఊళ్లో మా అత్త నాకు నేర్పిన మొదటి సంగతి, పడవ నీళ్లలోకి తోసేవాణ్ని “యాడికి?” అని అడగకూడదని. అడిగితే ఆ రోజు వలలో ఏమీ పడదట. నమ్మకం మాట అలా ఉంచితే, అందులో మర్యాద ఉంది. సరస్సు అందరిదీ. రొయ్యలు చేరే చోటు మాత్రం కనిపెట్టినవాడి గుట్టు.

ఒకరోజు పొద్దున పోలయ్య వచ్చాడు. చేపల వేటకు పోయే మనిషి, నాకంటే చిన్నవాడు. కరిచే పీతను దించినట్టు ఫోన్‌ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

“అక్కా, ఇది చెప్పేసింది.”

“ఏం చెప్పేసింది?”

“నా మడుగు.”

పులికాట్ చాలాచోట్ల మోకాలి లోతే. ఎక్కడో ఒకచోట అడుగు లోతుగా ఉంటే రొయ్యలు అక్కడ చేరతాయి. నీళ్లలో కూర్చుని చేతులతో తడిమి రొయ్యలు పట్టే పోలయ్య వాళ్లమ్మ, పోతూ పోతూ కొడుక్కి ఇచ్చిన ఆస్తి ఆ మడుగొక్కటే. ఈమధ్య పోలయ్య వెళ్లేసరికే అక్కడ వేరేవాళ్ల పడవలుంటున్నాయి. ఆయన వలకు నాచు మిగులుతోంది.

“ఎవురికీ చెప్పలా అక్కా. నా పెండ్లానికి గూడా చెప్పలా. నిద్దట్లో ఏమన్నా వాగినానా అని దాన్నే అడిగినా.”

“ఏమనింది?”

“గురక తప్ప నీ నోట్లోంచి ఇంకేం రాదులే అనింది.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఫోన్ తెరిచి చూశాను. పోలయ్యకు ఒక ముచ్చట ఉంది. తెల్లవారే సూర్యుణ్ణీ, వలస కొంగల్నీ వీడియో తీసి ఒక యాప్‌లో పెడతాడు. ఆ యాప్‌కి లొకేషన్ పర్మిషన్, అంటే మనం ఎక్కడున్నామో తెలుసుకునే అనుమతి, ఎప్పుడూ ఉండేలా ఇచ్చి ఉంది. పైగా అందులో స్నేహితులు ఒకరెక్కడున్నారో ఒకరు చూసుకునే మ్యాప్ ఉంది. పోలయ్య స్నేహితుల్లో సగం మంది వేటగాళ్లే. ఇక వేరే చెప్పాలా?

ఆయన తిరిగిన దారులు కూడా ఫోన్‌లో దాచి ఉన్నాయి. తెరిచి చూపించాను. దారీ డొంకా లేని నీలిరంగు మీద చుక్కల గీతలు, ఒకదాని మీద ఒకటి, అల్లిక పనిలా. పోలయ్య కోపం మరిచిపోయి చాలాసేపు చూశాడు.

“ఇదంతా నేనేనా అక్కా? ఈడ మోటారు ఆపేసి ఊరికే కూచుంటా. కొంగలు లేస్తాయని.” వేలు ఇంకాస్త జరిగింది. “ఇది మాయమ్మ మడుగు.”

అక్కడ చుక్కలు చిక్కగా ఉన్నాయి. ఎవరూ చూడలేదనుకున్న ఆయన ఉదయాలన్నీ ఎవరో చూసి దాచుకున్నారు.

“ఇది అడిగితే నువ్వే కదా సరేనన్నావు?”

“తుఫాన్లో తప్పిపోతే ఎతికేదానికి అనుకున్నా. వేటకి పోతే ఫోను ఆన్‌లో పెట్టుకోండని ఆఫీసర్లు మీటింగు పెట్టి చెప్పినారు గదా!”

“ఇది ఎతికేదానికి కాదు నాయనా, అమ్మేదానికి. నువ్వు యాడ తిరుగుతావో, ఏ వీడియో దగ్గర ఆగుతావో చూసి నీకేం కావాల్నో లెక్కేస్తారు. ఆ సరుకు బొమ్మలు నీకే చూపిస్తారు. యాప్ ఫ్రీగా ఇచ్చేది అందుకే.”

“వల చిరిగిందని ఎవురికీ చెప్పకముందే వలలు చూపించింది. మాయమ్మే కనిపెట్టి పంపిందనుకున్నా.”

పర్మిషన్ తీసేశాను, మ్యాప్ మూసేశాను, దాచిన దారులు తుడిచేశాను.

“ఈడ తుడిస్తే ఆడ గూడా మరిచిపోతాదా?”

“తీసేయమని అడిగినాం. తీస్తారో లేదో నేను చూడలేను. నీ స్నేహితుల బుర్రలో ఉండేది మాత్రం ఎవరూ తీయలేరు.”

ఆయన లేచాడు. “వానలొస్తే సముద్రంలో కలిసే మొగ కాడ ఇసక జరగతాది. నీళ్ల దారి మారతాది. కొత్త మడుగు ఎతుక్కోవాల” అన్నాడు. ఆ గొంతులో ధైర్యం కంటే దిగులే ఎక్కువ వినిపించింది. ఇసుక జరిగితే కొత్త మడుగు దొరకొచ్చు. వాళ్లమ్మ చూపించిన మడుగు మళ్లీ దొరకదు.

మరుసటి ఏడు వానలు వెలిశాక ఒక తెల్లవారుజామున మళ్లీ వచ్చాడు. జేబులో కొత్తగా బటన్ ఫోన్ ఉంది, పెళ్లాంతో మాట్లాడటానికి. పెద్ద ఫోన్‌లో లొకేషనూ, స్నేహితుల మ్యాపూ తనే ఆన్ చేసి నా కిటికీలో పెట్టాడు.

“నేనొచ్చేదాకా నీకాడ ఉండనీ అక్కా. నేను యాడుండానో బాగా చూసుకోనీ.”

కొత్త మడుగు దొరికిందని ఆ నవ్వే చెప్పింది. నేను అడగలేదు.

అప్పటినుంచి ఎవరు కొత్త ఫోన్ తెచ్చినా, పర్మిషన్ అడిగినచోట నేను గబుక్కున సరే అని నొక్కేయను. “యాడికి పోతుండావని అడుగుతా ఉంది, చెప్పమంటావా?” అంటాను. పక్కింటివాడు అడిగితే తిట్టిపోసే మనుషులు అక్కడ ఒక్క క్షణం ఆగుతారు. ఈ వృత్తిలో నేను చేయగలిగిన మేలు ఆ ఒక్క క్షణమే అనిపిస్తుంది.

పోలయ్య ఫోన్ ఇప్పటికీ పొద్దున్నే నా కిటికీలో ఉంటుంది. వలల బొమ్మలు పోయి ఛార్జర్లూ ఫోన్ కవర్లూ వస్తున్నాయట. మ్యాప్‌లో ఆయన నీలిచుక్క నా షాపులో కదలకుండా కూర్చుని ఉంటుంది. బయట మంచులో ఒక పడవ ఎటో పోతూ, కాసేపటికి కనిపించకుండా పోతుంది.