రాహేలక్క పాట చివర ఒక మాట

కాజీపేటలో ఎనిమిదింటి ప్యాసింజరు తొమ్మిదిన్నరకు కదిలింది. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన నేను, నా ఒళ్లో టేపు రికార్డరు. కింద పెడితే కుదుపులకు ఏమవుతుందోనని ఒళ్లోనే పెట్టుకున్నాను. జమ్మికుంట వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు నీళ్ల కూజా మరిచిపోకండి, బండిలో చుక్క దొరకదు.

ఆ సాయంత్రం గోదావరిఖనిలో రాహేలక్కకు సన్మానం. ఆమె పాటలు రెండు గ్రామఫోను ప్లేట్లుగా వచ్చాయి. అయితే అక్కడ ఆమె పేరు ప్లేట్ల వల్ల వచ్చింది కాదు. బొగ్గుగని కార్మికుల కాలనీలో ఎవరు పోయినా, హిందువులైనా క్రైస్తవులైనా, ఆమె వెళ్లి పాడేది. బొంగురు గొంతు. పైకి లేచినప్పుడు చీలుతుంది, ఆ చీలిక దగ్గరే వినేవాడి దుఃఖం కట్ట తెగుతుంది. వరంగల్‌లో రేడియోలు బాగుచేసుకునే నాకు ఆ గొంతంటే పిచ్చి. మూడేళ్ల కిందట ఆమె క్వార్టరు అరుగు మీద కూర్చుని ఒక పాట రికార్డు చేసుకున్నాను. పాట అవుతూనే రెండో షిఫ్టు సైరన్ మోగింది. ఆమె భర్త ప్రకాశం బొగ్గుబాయికి బయల్దేరుతూ "రాహేలూ, పోయొస్త" అన్నాడు. అదీ టేపులో పడింది. ఏడాది తిరక్కముందే పైకప్పు కూలి ఆయన బాయిలోనే పోయాడు. అందరి చావుకూ పాడిన ఆమె ఇంట్లో ఆ రోజు పాడటానికి ఎవరూ లేకపోయారు. ఆ తర్వాత ఆమె పాట ఎవరూ వినలేదు.

పోయిన నెల ఆమె కార్డు రాసింది. "తమ్మీ, సన్మానం నాకెందుకు. ఆయన మాట నీ టేపుల ఉన్నది గద. ఒక్కసారి వినిపియ్యి." ఆ టేపుకు నకలు లేదు. తీయాలని అనుకుంటూనే రోజులు గడిపాను.

పెద్దపల్లిలో ఎక్కిన ఒక బాయి కార్మికుడు నా పెట్టె చూసి "కుట్టు మిషనా అన్నా?" అన్నాడు. సంగతి చెప్పాను.

"రాహేలక్కదా? మా నాయిన పోయిన్నాడు పాడింది. అప్పటిదాక నాకు ఏడుపే రాలే" అన్నాడు. రామగుండంలో దిగాక బస్సుదాకా పెట్టె తనే మోశాడు.

గోదావరిఖని చేరేసరికి ఒంటిగంట దాటింది. హోటల్లో పప్పు, అన్నం తిని నేరుగా ఆమె క్వార్టరుకు వెళ్లాను. ముందు ఆమెకు ఒక్కదానికే వినిపించాలని నా ఆశ. కరెంటు లేదు.

"పోనియ్యి తమ్మీ, సభల్నే వింట. నలుగురు ఉంటే నాకు ధైర్యముంటది" అంది.

ఐదింటికి చర్చి పక్క రేకుల షెడ్డులో సభ. అప్పటికి కరెంటు వచ్చింది. బయట స్తంభాలకు రెండు మైకు గొట్టాలు కట్టారు. శాలువా కప్పారు, ప్లేట్లు రెండూ వేశారు, తర్వాత నా టేపు. వెనక వరసలో ఒక ముసలాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రాహేలక్క మాత్రం తన పాట వింటున్నట్టు లేదు. ఎప్పుడు అయిపోతుందా అని తల వంచుకుని కాచుకుంది.

పాట ముగిసింది. గొట్టాల్లోంచి సైరన్ లేచింది.

షిఫ్టు కాని వేళ సైరన్ మోగితే బాయిలో ప్రమాదమని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. టేపులో సైరన్ ఉందని తెలిసిన నాకే తట్టలేదు. "బాయిల ఏందో అయింది" అంటూ ఒకామె లేచింది. అంతే, కుర్చీలు పడ్డాయి. ఆడవాళ్లు చెప్పులు వదిలేసి పరుగెత్తారు. "టేపులోది, టేపులోది" అని అరుస్తూ మిషను ఆపబోయాను. తొందరలో ఆపే మీటకు బదులు రికార్డు మీట నొక్కుకుపోయింది. రికార్డు అవుతున్నట్టు వెలిగే ఎర్ర దీపం చూసుకునేసరికి ఆలస్యమైంది.

షెడ్డులో రాహేలక్క ఒక్కతే కదలకుండా కూర్చుంది. సైరన్ తర్వాత ఏముందో ఆమెకు తెలుసు.

వెనక్కి తిప్పి వేశాను. పాట ఉంది. సైరన్ మొదలు ఉంది. ఆ పైన కుర్చీల చప్పుడు, కేకలు, నా అరుపు. మళ్లీ వేశాను. మూడోసారి వేయబోతే ఆమే నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన మాట పోయిందా తమ్మీ?"

"పోయిందక్కా. నేనే చెరిపేసిన."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పరుగెత్తినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చి చెప్పులు వెతుక్కున్నారు. వాళ్ల ముఖాలు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున బస్సు దగ్గరికి ఆమె జొన్నరొట్టెలు కట్టుకొచ్చింది. బస్సు కదులుతుంటే అలవాటు కొద్దీ "వస్తనక్కా" అన్నాను.

"వస్త అనకు తమ్మీ. పోయొస్త అన్నాయన రాలే. పోతున్న అను" అంది.

ఆ అశుభం మాట అనకుండా కిటికీలోంచి చెయ్యి ఊపాను.

తిరుగు బండిలో సీటు సులువుగానే దొరికింది. రొట్టెల మూట ఒళ్లో ఉంది కానీ విప్పలేదు. నేను విన్న గొంతుల్లో అంత నిజమైన గొంతు ఇంకొకటి లేదు. ఆ పాట ఇప్పటికీ నా దగ్గర ఉంది. వినాలనుకునేవారు దుకాణానికి రండి, వినిపిస్తాను. సైరన్ మొదలయ్యేలోపు ఆపేస్తాను.