మొదటి బహుమతి మిక్సీ

నా చిన్నప్పుడు మేము బెంజ్ సర్కిల్‌కు దగ్గర్లో ఒక సందులో ఉండేవాళ్ళం. పక్కింట్లో ఉండే ఆవిడను అందరం అత్తయ్య అనేవాళ్ళం, చుట్టరికం ఏమీ లేకపోయినా. ఆ సందువాళ్ళు ఇప్పటికీ ఏ పెళ్ళిలోనో కలిస్తే ఆవిడను ‘మిక్సీ అత్తయ్య’ అని తలచుకుని నవ్వుకుంటారు. కొత్త మిక్సీ కాజేసి పాతది అంటగట్టిందని ఆ పేరు పెట్టారు. అది అబద్ధం. అబద్ధమని మొదటినుంచీ తెలిసినవాడిని కాబట్టి ఇది రాస్తున్నాను.

మా ఎదురింటి పాపకు గుండెలో రంధ్రం ఉందన్నారు. ఆపరేషన్ చేయించే స్తోమత ఆ ఇంట్లో లేదు. వినాయక చవితి పందిట్లో లక్కీ డ్రా పెట్టి, టికెట్ల మీద వచ్చింది వాళ్ళకిద్దామని సందులో ఆడవాళ్ళు అనుకున్నారు. బహుమతులు కొంటే ఇక మిగిలేదేముంది? షాపులవాళ్ళను అడిగి తేవాలి. అడగడానికి అత్తయ్య ఒప్పుకుంది. సంచి పట్టుకుని నేను వెంట వెళ్ళాను.

అడగడానికీ ఒక పద్ధతుందని ఆవిడ వెనక తిరిగితేనే తెలిసింది. బోణీ కాకముందు ఏ కొట్టులోనూ చెయ్యి చాపకూడదు. దీపాలు పెట్టే వేళ అసలే అడగకూడదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి కొనేదాకా అత్తయ్య పక్కన నిలబడి, గల్లాపెట్టె మూత పడిన చప్పుడు విన్నాకే నోరు విప్పేది. అయినా మాకు దొరికినవి ప్లాస్టిక్ డబ్బాలు, దువ్వెనలు, అమ్ముడుపోని గోడ బొమ్మలు. ఒకాయన శుక్రవారం పూట వస్తువు బయటికివ్వనన్నాడు. శనివారం వెళితే నిరుటి క్యాలెండరు చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక అత్తయ్య, “జాగ్రత్తగా దాచరా. పోయిన సంవత్సరం మళ్ళీ వస్తే పనికొస్తుంది,” అంది.

ఒక్క ఎలక్ట్రికల్ సామాన్ల షాపాయన మాత్రం పాప సంగతి పూర్తిగా విని, మిక్సీ ఇస్తానన్నాడు. మర్నాడే పందిట్లో బోర్డు మీద ‘మొదటి బహుమతి మిక్సీ’ అని రాశారు, కింద ఆయన షాపు పేరుతో సహా. టికెట్లు అమ్ముడుపోయింది ఆ ఒక్క మాట మీదే.

డ్రా రోజు పొద్దున్న మిక్సీ తెచ్చుకోవడానికి వెళ్ళాం. అలవాటు ప్రకారం బోణీ కోసం ఎదురుచూస్తూ పక్కన నిలబడ్డాం. ఎంతసేపటికీ ఒక్కరూ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు చూశాను, వెనక అలమరాలు సగం ఖాళీగా ఉన్నాయి. ఆయన మమ్మల్ని చూడనట్టే కూర్చుని, చివరికి తనే లేచి వచ్చాడు.

“మీకు మాటిచ్చిన రోజున సరుకుందమ్మా. మొన్న కంపెనీవాళ్ళొచ్చి బాకీ కింద పట్టుకుపోయారు. ఈ సంగతి బయట పొక్కితే రేపట్నుంచి నాకు అరువు మీద బల్బు కూడా ఇవ్వరండీ. షట్టర్ దించెయ్యడమే.”

అత్తయ్య ఆ అలమరాల వైపు చూసి, “ఖాళీ అట్టపెట్టె ఏమన్నా ఉందాండీ?” అని అడిగింది.

ఆ పెట్టె నేనే మోశాను. దారిలో ఆవిడ నాతో అంది: “ఒరేయ్ నాన్నా, నువ్విందాక అక్కడేమీ వినలేదు. ఆయన పేరు పోతే కొట్టు పోతుంది. నా మిక్సీ పోతే నాకు రోలుంది.” కాస్త నడిచి, “అయినా బోర్డు మీద కొత్తదని రాశామా ఏంటి?” అని నవ్వింది. ఇంటికెళ్ళాక తన మిక్సీని సబ్బుతో, నిమ్మచెక్కతో రుద్ది రుద్ది తుడిచింది. జార్ మూతకున్న రబ్బరుకు పట్టిన పసుపు మాత్రం వదల్లేదు.

ఆ సాయంత్రం మొదటి బహుమతి మా సందు చివరింటి పిన్నిగారికి వచ్చింది. ఆవిడ అక్కడే పెట్టె విప్పి, జార్ మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఇదేం కొత్త మిక్సీ అమ్మా, అల్లం వెల్లుల్లి కంపు కొడుతోంది! కొత్తది కంకిపాడు పుట్టింటికి చేరిపోయిందా ఏంటి?”

పందిరంతా గొల్లున నవ్వింది. అత్తయ్య, “పొరపాటు నాదేనండీ,” అని మాత్రం అంది. నేను మా అమ్మ పక్కనే ఉన్నాను. ‘ఎంత పని చేసింది!’ అని మా అమ్మ బుగ్గ నొక్కుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.

చాలామంది టికెట్ డబ్బు వెనక్కి అడిగారు. మిగిలింది ఆ పాప ఇంటివాళ్ళకిచ్చారు. అది మందులకే సరిపోలేదు. పాప ఆ చలికాలం దాటలేదు. అత్తయ్య వల్లే డబ్బు చాల్లేదని వాళ్ళమ్మ నమ్మింది, ఆవిడ గుమ్మంలో అడుగుపెడితే తలుపు వేసేసింది. ఇంత చేసినా షాపూ నిలవలేదు. దీపావళికే మూతబడి, ఆయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

ఇక కాపాడడానికి ఎవరి పేరూ లేదు. అప్పుడైనా నేను చెప్పి ఉండాల్సింది. మొదట అత్తయ్య వద్దంది కదా అనుకున్నాను. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనని భయపడ్డాను. పెద్దవాణ్ణయ్యాక ఆ మిక్సీ కథ చెప్పుకుని నలుగురూ నవ్వుతుంటే, నేనూ నవ్వాను. అత్తయ్య చివరికి కంకిపాడులో పుట్టింటికి వెళ్ళిపోయి, అక్కడే పోయింది. అప్పటికీ చెప్పలేదు.

ఈ మధ్య ఆ పాప తల్లి ఇబ్రహీంపట్నంలో కొడుకు దగ్గర ఉందని తెలిసి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆవిడ మంచం అంచున కూర్చుని చివరిదాకా వింది. నన్నేమీ తిట్టలేదు.

“మీ అత్తయ్య పోయే ముందు నన్ను ఒకసారి చూసిపోతానని కబురంపింది నాయనా. రావద్దన్నాను,” అంది. ఆ తర్వాత మనవడిని పిలిచి నాకు మంచినీళ్ళు ఇమ్మంది.

తిరిగి వస్తుంటే, చెప్పినందుకు నాకు తేలికగా ఏమీ అనిపించలేదు. ఒక మనిషి పరువు కోసం నోరు మూసుకోవడం ఎలాగో ఆ రోజు అత్తయ్య నాకు నేర్పింది. నేను ఆ నోరు ఆవిడ పరువు పోతున్నప్పుడు కూడా మూసుకునే ఉన్నాను.