రెండో సిలిండరు

ఉద్యోగం చివరి రోజుల్లో మా కార్ల కంపెనీ వాళ్ళు నన్ను కాకినాడ నుంచి యానాం బ్రాంచికి వర్క్‌షాప్ సూపర్‌వైజరుగా వేశారు. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానలు మొదలవుతుండగా చేరాను. బండి విప్పేదీ బిగించేదీ మెకానిక్కులు. అంతకుముందే లోపమెక్కడుందో తేల్చడం, పని పూర్తయ్యాక స్వయంగా నడిపి చూసి యజమానికి అప్పగించడం సూపర్‌వైజరు బాధ్యత. బాగుపడని బండి గురించి ఆ మాట చెప్పవలసిందీ అతనే.

వీర్రాజు గారు ఆ వానాకాలంలోనే వచ్చారు. రామచంద్రపురం వైపు నుంచి రొయ్యల చెరువుల కోసం వచ్చి ఫరంపేటలో స్థిరపడ్డ మనిషి. చెరువులు దెబ్బతిన్నాక ఇంటిపట్టునే ఉంటున్నారు. భార్య సత్యవతి గారికి మూత్రపిండాలు పనిచేయవు. వారానికి మూడుసార్లు కాకినాడ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. తిరుగు ప్రయాణంలో ఆవిడ కూర్చోలేరు, వెనక సీట్లో పడుకోవాలి, దారిలో ఒకటి రెండుచోట్ల వాంతికి ఆపాలి. అందుకే బస్సు కుదరదు. అద్దె కారు వాళ్ళు ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి ఏదో వంక చెప్పేవారు. మిగిలింది ఇరవై ఏళ్ళ నాటి సొంత పెట్రోలు కారు.

బండి నిలబడి ఉండగా, యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను తనంతట తాను నెమ్మదిగా తిరగడాన్ని ఐడిలింగ్ అంటాం. ఆ కారు ఐడిలింగ్‌లో స్టీరింగు దగ్గర్నుంచి అద్దాల దాకా వణికేది. కాలు తీస్తే ఆగిపోయేది. అంతకుముందు రోజే తాళ్ళరేవు దగ్గర వానలో ఆగిపోయిందట, వెనక సీట్లో ఆవిడ ఉండగానే.

“తోసినవాళ్ళు తోశారండి. ఆవిడేమో లోపల చెమటలు పోసేసి పడుంది. ఎల్లుండి మళ్ళీ ఎల్లాలండి. ఏదోటి చేసెయ్యండి” అన్నారు.

ఇలాంటి లోపానికి మా పద్ధతి తేలిక పనితో మొదలై బరువు పనికి వెళ్తుంది. ప్లగ్గులు, వాటి వైర్లు మార్పించాను. ఇంజనుకు గాలి వెళ్ళే దారి శుభ్రం చేయించాను. పగిలిన రబ్బరు గొట్టం ఒకటి దొరికితే అదీ మార్చాం. వణుకు తగ్గింది. వీర్రాజు గారి ముఖం తేటపడింది. ఒక్క ప్రయాణానికే బండి మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పుడు కంప్రెషన్ గేజి పెట్టాను. ప్రతి సిలిండరూ లోపలి గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూపే మీటరు అది. నాలుగింట్లో మూడు సరిగ్గా ఉన్నాయి. రెండో సిలిండరు సగం కూడా చూపలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిలు పోసి మళ్ళీ చూశాను. రీడింగు పెరిగితే పిస్టను రింగులు అరిగాయని అర్థం. పెరగలేదు. అంటే వాల్వు కాలిపోయింది. ఇంజను పైభాగం, హెడ్డు అంటాం, దించక తప్పదు.

దించాక ఉన్న ఆశ కూడా పోయింది. ఇంజనును చల్లబరిచే కూలెంటు బదులు ఎన్నాళ్ళుగానో ఉప్పు బోరు నీళ్ళు వాడిన బండి. లోపల నీళ్ళు తిరిగే దారులన్నీ తినేసి ఉన్నాయి. కాకినాడ లేతు షాపు వాళ్ళు చేతిలోకి తీసుకుని చూసి, దీన్ని పాలిష్ చేసినా నిలబడదని తిప్పి పంపారు. ఆ మోడలు తయారీ ఆగిపోయింది కాబట్టి కొత్త హెడ్డు రాదు. తుక్కు బళ్ళలోంచి తీసింది వెతకాలి. రాజమండ్రిలో దొరికింది పగిలిపోయి ఉంది. విజయవాడ నుంచి వచ్చింది వేరే మోడలుది. వీర్రాజు గారు రోజూ వచ్చేవారు. విప్పిన ఇంజను దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు.

ఒక మధ్యాహ్నం సత్యవతి గారు ఆటోలో ఒక్కరే వచ్చారు. పాదాలు వాచి చెప్పులు సగమే పట్టాయి. కుర్చీ వేయిస్తే కూర్చుని, హెడ్డు లేని కారు వైపు చూశారు.

“తొందరపడకండి తమ్ముడూ” అన్నారు. “కారు వచ్చేక ఎల్దావని ఆయనకి చెప్పేను. కారు వచ్చినా నేనెల్లను. ఆ సూదులూ, ఆ దారీ ఇంక నా వల్ల కాదు. ఆయనకి ఇప్పుడే చెప్పకండి.”

డాక్టరుతో మాట్లాడారా అని అడిగాను. మాట్లాడానని తలాడించారు. “కారు మటుకు బాగా చెయ్యండేం. నేను పోయేక ఆయన ఎక్కడికేనా ఎల్లాలిగా” అని లేచారు. ఆటో దాకా చెయ్యి పట్టుకుని నడిపించి ఎక్కించి వచ్చాను.

సాయంత్రం వీర్రాజు గారు వచ్చి, “మా ఆవిడొచ్చిందంటగా, ఏవందండి?” అని సూటిగా అడిగారు. నేను దాచలేకపోయాను. ఆయన బానెట్ మీద చెయ్యి వేసి విన్నారు.

“తెలుసండి. వారం నించీ ఎల్లట్లేదుగా. కారు లేదనే వంక ఒకటి దొరికింది ఆవిడకి. ఆ వంక తీసేద్దావనే నా తాపత్రయం” అన్నారు.

ఆ తర్వాత నేను ఆ బండిని మెకానిక్కులకే వదిలెయ్యలేదు. ఏలూరులో సరైన హెడ్డు దొరికితే నేనే వెళ్ళి చూసి తెచ్చాను. వాల్వులు కూర్చోబెట్టి, బోల్టులు వరసక్రమంలో, కంపెనీ చెప్పిన బిగువుకు బిగించి స్టార్ట్ చేశాం. ఐడిలింగ్‌లో స్టీరింగు కదల్లేదు. దరియాలతిప్ప దాకా నడిపి, దారిలో పదేపదే ఆపి చూశాను. ఒక్కసారీ ఆగిపోలేదు.

బండిని నేనే ఫరంపేట తీసుకెళ్ళాను. వీర్రాజు గారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు. సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచారు. సత్యవతి గారు గుమ్మం పట్టుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఇంజను తిరుగుతూనే ఉంది.

“వణుకు లేదండి. బాగా చేశారు” అని నాతో అన్నారు. తర్వాత భర్త వైపు తిరిగి, “కాసేపు కూచున్నాను కదా, ఇంక లోపలికి తీసికెళ్ళండి” అన్నారు.

ఆయన బతిమాలలేదు. కోప్పడలేదు. తలుపు మాత్రం చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత ఆవిడను లోపలికి నడిపించారు. ఇంజను ఆపి తాళాలు అరుగు మీద పెట్టి నేను నడిచి వచ్చేశాను. పక్షం తిరక్కుండానే ఆవిడ పోయారు.

హెడ్డు దించి బిగించిన బండిని కొంతకాలం నడిపాక మళ్ళీ తెచ్చి చూపించాలి. ఆయన తెచ్చారు. మీటరు చూస్తే బండి దాదాపు కదలనే లేదు. “ఒకసారి ఐడిలింగ్ చూడండి” అన్నారు. చూశాను, లోపమేమీ లేదని చెప్పాను. “మరోసారి చూడండి” అన్నారు. గేజి తీసి నాలుగు సిలిండర్లూ మళ్ళీ చూశాను. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు.

యజమానులు బండి ఒక్కటే బాగుచేయమని రారు. బండి బాగైతే మరొకటి కూడా బాగవుతుందనుకుని వస్తారు. ఆ రెండోది మా పని కాదు, మా చేతిలోనూ లేదు. ఆ సంగతి తెలిశాక కూడా మొదటి పని పూర్తిగా చేయవలసిందే. వర్క్‌షాపులో నేను నేర్చుకున్నది ఇంతే. దీనివల్ల ఎవరికీ ఊరట కలగగా నేను చూడలేదు.